సిందూరం పూసిన కార్బన్ బారు

నా కుడి మణికట్టు నొప్పి పుట్టినప్పుడు మా వాళ్లందరిలో ఎక్కువ సంతోషించింది మా ఆయన. పైకి మాత్రం మొహం దిగులుగా పెట్టుకున్నాడు. ఎముకల డాక్టరు నా చెయ్యి అటూ ఇటూ వంచి చూసి, "ఎక్సర్‌సైజు ఏమన్న చేస్తరా మేడం?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "సైకిల్ తొక్కుతది సార్! రోజూ పొద్దుగాల! డ్యాం కట్ట మీద!" అని, బడిలో పిల్లలు పక్కవాడి మీద చాడీ చెప్పినట్టు చెప్పాడు. "అయితే సైకిల్ బంద్ చెయ్యండి, నెల రోజులాగి చూద్దాం" అని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఇంటికొచ్చేటప్పుడు బండి నడుపుతూ మా ఆయన సన్నగా ఈల వేశాడు. వెనక కూర్చున్న నాకు వినపడదనుకున్నాడు.

నేను కరీంనగర్‌లో ఒక సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. సైకిలు పట్టింది యాభైకి దగ్గర పడ్డాక. పొద్దున లేచి, జొన్న రొట్టెలు కొట్టి, డబ్బాలు సర్ది, వెలుగు రాగానే సైకిలెక్కి మానేరు డ్యాం కట్ట మీదికి పోతే ఒక గంట సేపు నన్ను టీచరూ అనీ, ఏమే అనీ, అక్కా అనీ పిలిచేవాళ్లు ఉండరు. నీళ్ల మీది గాలి మొహానికి తగులుతుంది. నాకు తెలియకుండానే పాటలు పాడుకుంటాను, అదీ తప్పు శ్రుతిలో. ఆ గంట పోతే మిగతా రోజంతా నేను మనుషుల మీద పడి కరుస్తానని నాకు బాగా తెలుసు. డాక్టరు బంద్ చెయ్యమన్నది ఆ గంటను.

మా ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ ట్రాక్ ప్యాంటు వేసుకుని, నెత్తి మీద హెల్మెట్ పెట్టుకుని నేను పోతుంటే దుకాణానికొచ్చే రైతులు, "సేటూ, మీ పంతులమ్మ మమ్మల్ని దాటి పోయింది" అంటారట. అది అతనికి నామోషీ. దానికి తోడు నేను ఎక్కడ పడిపోతానో అని భయం. భయం ఎంతో, నామోషీ ఎంతో విడగొట్టి చెప్పమంటే లెక్కల టీచరునైన నాకే చేత కాదు.

మా పొద్దుటి సైకిలు గుంపులో ఒక కుర్ర పళ్ల డాక్టరు ఉన్నాడు. నా గోడు విని అతను, "మేడం, మీది అల్యూమినియం హ్యాండిల్ బారు. రోడ్డు మీద గుంత ఎక్కడుంటే అక్కడ దెబ్బ మీ చేతికే వస్తది. కార్బన్ బారు వేయించండి, ఆ అదురును అదే మింగేస్తది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కొత్తది కొనే సంగతి తలుచుకోవడానికి కూడా లేదు, అంత ధర. వాడినది దొరికితే చాలనుకున్నాను. ఇంటికి పోయి మా ఆయనతో ఒప్పందం చేసుకున్నాను. కార్బన్ బారు వచ్చేదాకా సైకిల్ ముట్టను, వచ్చాక మాత్రం నన్ను ఆపొద్దు. అతను వెంటనే ఒప్పుకున్నాడు. అలాంటిది ఈ జన్మలో కరీంనగర్ రాదని అతని ధీమా. ఆ సాయంత్రమే ఒక పాత దుప్పటి తెచ్చి నా సైకిలు మీద కప్పేశాడు. కప్పిన తీరు చూస్తే నాకు ఒళ్లు మండింది, బతికున్నదానికి కప్పినట్టు లేదు.

మా తమ్ముడు దుబాయిలో సామాన్ల వ్యాను నడుపుతాడు. వాడుండే గదికి దగ్గర్లోనే పాత సైకిళ్ల విడిభాగాలు అమ్మే దుకాణం ఉందట. నేను కూర్చుని కార్బన్ గురించి దొరికినదంతా చదివాను. చదివినకొద్దీ భయం. అల్యూమినియం పాడైతే వంగుతుంది, మనకు తెలుస్తుంది. కార్బన్ వంగదు, మూలగదు, ఒకరోజు పుటుక్కున విరిగి ఊరుకుంటుంది. బారును సైకిలు మెడకు బిగించే నడిమి భాగం చూడాలి, అతిగా బిగిస్తే అక్కడే నలుగుతుంది. లోతైన గీతలు ఉండకూడదు. బొటనవేలితో నొక్కితే మెత్తగా తగలకూడదు. రూపాయి బిళ్లతో కొడితే టింగ్ అనాలి, డబ్ అంటే లోపల పొరలు విడిపోయినట్టు. అన్నిటికంటే పెద్ద నియమం చివర్లో ఉంది. అది ఎప్పుడు, ఎట్లా కిందపడిందో తెలియకపోతే కొనొద్దు. ఈ ఒక్క నియమాన్ని నేను చదివి, చదవనట్టు ఊరుకున్నాను.

తమ్ముడు దుకాణం నుంచి వీడియో కాల్ చేసిన రోజు మా ఇంట్లో మా బావ కూడా ఉన్నాడు. బావ అంటే మా అక్క భర్త. మందమర్రి బొగ్గుబాయిలో పైకప్పు పదిలంగా ఉందో లేదో చూసే సర్దారుగా చేసి రిటైరయ్యాడు. బాయి చప్పుడుకు చెవులు మందగించాయి. చెవి మిషను పెట్టించుకోవడానికి కరీంనగర్ వచ్చి, మిషను సరిగా కుదరలేదని మా ఇంట్లోనే ఆగిపోయాడు. మా రొట్టెలు కుదిరాయి కాబట్టి ఆగాడని నా అనుమానం.

"అక్కా, ఇగో బారు. నల్లగున్నది" అన్నాడు తమ్ముడు ఫోన్లో.

"నలుపు నాకూ కనబడుతుందిరా. నడుమ చూడు, నడుమ!"

"నడుమ గూడ నల్లగనే ఉన్నది."

"గీతలు, నొక్కులు ఏమన్న ఉన్నయా?"

"వేసుకున్నదే గని మంచిగనే ఉన్నదక్కా. నువ్వు ఫికర్ జెయ్యకు."

"వేసుకునేదేందిరా, అది అంగీ గాదు! బిళ్ల తీసి కొట్టు, మెల్లగ."

వాడు దిర్హం బిళ్లతో కొట్టాడు. సరిగ్గా అప్పుడే వెనక ఏదో లారీ హారన్ వేసింది. మళ్లీ కొట్టాడు. నాకు టింగ్ అనిపించింది, మా ఆయనకు డబ్ అనిపించింది. అతనికి డబ్ అనే అనిపిస్తుంది, నాకు తెలుసు. "మీకేం దెలుస్తది, ఇటియ్యి" అని బావ ఫోను లాక్కుని చెవి మిషనుకు ఆనించాడు. కుయ్యిమని ఒక కూత పుట్టింది. "పగిలింది పిల్లా! మొత్తం పగిలింది! ఎట్ల ఒర్రుతుందో సూడు!" అన్నాడు బావ. ఒర్రింది బారు కాదు బావా, నీ మిషను అని అరిచి చెప్పేసరికి నాకు గొంతు పోయింది.

కిందపడిందేమో అడగమంటే తమ్ముడు దుకాణదారుతో హిందీలో ఏదో మాట్లాడి నవ్వుతూ తిరిగొచ్చాడు. "ఎవరో డాక్టరమ్మ వాడిందట అక్కా. ఆదివారం ఆదివారం తొక్కేదట. మెల్లగ తొక్కేదట." కరీంనగర్‌లో పాత కారు కొన్న ప్రతివాడికీ ఆ డాక్టరమ్మ తెలుసు. ఆమె కార్లు అమ్ముతుంది, ఫ్రిజ్‌లు అమ్ముతుంది, ఇప్పుడు దుబాయికి కూడా పోయిందన్నమాట. అన్నీ తెలిసే, తీసుకొమ్మన్నాను. డ్యాం కట్ట కళ్ల ముందు కనబడుతుంటే మనిషి అక్కరకు తగ్గట్టే వింటాడు.

గల్ఫ్ నుంచి సామాను రావడానికి మా వైపు ఒక పద్ధతుంది. ఎవరు ముందు ఇంటికొస్తుంటే వాళ్ల కార్టన్‌లో అందరి వస్తువులూ సర్దుతారు. మా తమ్ముడి గదిలో ఉండే జగిత్యాల వైపు అతను ఒకడు సెలవు మీద వస్తున్నాడు. పేరెందుకు, కార్టన్ తమ్ముడు అందాం. హైదరాబాద్‌లో దిగి, ఎదురొచ్చిన ఇంటివాళ్లతో కారు మాట్లాడుకుని ఊరికి పోతూ మధ్యలో మా ఇంటి ముందు ఆపాడు. మా తమ్ముడు మాకు పంపిన పిస్తాలు, దుప్పటి కార్టన్ లోపల ఉన్నాయి కాబట్టి మొత్తం పెట్టెనే దింపి లోపలికి తేవాల్సి వచ్చింది.

నేను గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. అతనూ డ్రైవరూ చెరో పక్క పట్టుకున్నారు, మధ్యలో తాళ్లతో బిగించిన కార్టన్ ఉయ్యాలలాగా ఊగుతూ వస్తోంది. తాళ్ల కింద నుంచి ఒక రాడ్డు దూర్చి, దాని రెండు కొసలు పట్టుకుని మోస్తున్నారు. రాడ్డు నల్లగా ఉంది.

"తమ్మీ, గదేంది?"

"ఏదక్కా?"

"నువ్వు పట్టుకున్నది!"

"గిదా? గిది నీదేనక్కా!" అన్నాడు అతను సంబరంగా. "కార్టన్ల వడుతలేదు. తాళ్ల కింద దూర్చి పట్టుకున్నం. మస్తు అక్కరకొచ్చింది. లిఫ్టు లేదు, పైనుంచి మెట్ల మీదికెల్లి దీంతోనే దింపినం. ఎయిర్‌పోర్టుల బెల్టు మీదికెల్లి దీన్నే పట్టి గుంజిన. ఏం గాలే! అసలు గట్టిదక్కా, పరేషాన్ గాకు!"

అతను దాన్ని తాళ్ల కింది నుంచి లాగి, తువ్వాలతో తుడిచి, దండం పెట్టినంత మర్యాదగా నా చేతికిచ్చాడు. తాళ్లు ఒరుసుకున్న చోట రెండు మసక చారలు. నేను ఆ చారల్ని వేలితో తడిమాను. అతనేమో నా మెప్పు కోసం చూస్తున్నాడు. అంత మోసింది కాబట్టి గట్టిదని అతని లెక్క. అంత మోసింది కాబట్టి ఇంక నమ్మలేమని నా లెక్క. రుజువు ఒకటే, తీర్పులు రెండు. సముద్రం దాటించి తెచ్చిన మనిషిని తిట్టడానికి నోరు రాలేదు. అన్నం తిని పొమ్మన్నాను. "రొట్టెలైతే తింటక్కా, గాడ దొరుకయి" అన్నాడు. కారులో ఉన్న వాళ్లింటి వాళ్లకు కూడా కలిపి కొట్టాను.

తిన్నాక పంచాయితీ మొదలైంది. బావ బారును నేల మీద పెట్టించి, నా కర్ర స్కేలు తెప్పించుకున్నాడు. "బాయిల దిగంగనే ముందుగాల నెత్తి మీది కప్పు కొట్టి చూస్తం మరదలా. గట్టిదైతే ఖంగుమంటది, లోపల బోలైతే బుడబుడమంటది. గీ చేతితోని ఎంత కప్పు కొట్టిన్నో తెల్సా?" అని, బారు ఈ కొస నుంచి ఆ కొస దాకా కొట్టుకుంటూ పోయాడు. కొట్టుడంటే మామూలు కొట్టుడు కాదు. బొగ్గు కప్పును కొట్టినట్టే కొట్టాడు.

"మెల్లగ బావా! అది బాయి గాదు!"

"ఆఁ?"

"మెల్లగ అంటున్న!"

"అగో, బెల్లమా? తిన్న తిన్న, మంచిగున్నది" అని మళ్లీ రెండు బాదాడు. చివరికి, "దీనికింద నిలబడొచ్చు. కప్పు కూలది" అని తీర్పిచ్చాడు. దాని కింద నిలబడే పని నాకు లేదు, దాని మీద వాలాలి. ఆ తేడా బావకు చెప్పడానికి మిషను కావాలి, మిషను జేబులో ఉంది.

మా ఆయన ఇదంతా చూసి, "గిట్ల గాదు" అని పెరట్లో రెండు ఇటుకలు పెట్టాడు. వాటి మీద బారును అడ్డంగా పెట్టి, చెప్పులు విడిచి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. మా ఆయన సన్నటి మనిషి కాదు. బారు విరగలేదు. అతని మొహం చిన్నబోయింది. కొంచెం ఎగిరాడు. విరగలేదు. "అరే, గిదేంది" అని కార్టన్ తమ్ముణ్ని కూడా రమ్మన్నాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఎగురుతుంటే నేను బయటికి పరుగెత్తి, "దిగుండ్రి! దిగుండ్రి మీ కాళ్లు పడిపోను!" అని అరిచాను. దిగారు. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, మాట తప్పిన బాకీదారును చూసినట్టు చూశాడు.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. పరీక్ష పెట్టక ముందు ఆ బారు మంచిదో కాదో తెలియదు. అన్ని పరీక్షలూ నెగ్గింది, నెగ్గిన పాపానికి ఇంకా తెలియకుండా పోయింది. ఒక్కొక్కరు దాన్ని మంచిదని నిరూపించడానికి పాడు చేస్తున్నారు.

"మనతోని కాదు గని, స్వామికి అప్పజెప్పుదాం" అన్నాడు కార్టన్ తమ్ముడు. అతనికి కొండగట్టు ఆంజనేయస్వామి మొక్కు ఉంది. గల్ఫ్ నుంచి క్షేమంగా వస్తే అంజన్నకు కొబ్బరికాయ. కొత్త కారైనా, ట్రాక్టరైనా మా వాళ్లు ముందు కొండగట్టు తీసుకుపోయి పూజ చేయించాకే రోడ్డెక్కుతారు. మంగళవారం నేను బడిలో ఉండగా మా ఆయన, బావ ఆ బారును సంచిలో పెట్టుకుని బస్సెక్కారు. కార్టన్ తమ్ముడు వాళ్లను గుట్ట దగ్గర కలిశాడు. తర్వాత వాళ్లు చెప్పిన దాన్ని బట్టి అక్కడ ఇట్లా జరిగింది.

"బండి ఏది నాయనా?" అన్నాడట అయ్యగారు.

"గిదే సామీ" అన్నాడట మా ఆయన సంచి తెరిచి.

"మరి మిగతాది?"

"ఇంటికాడ దుప్పటి కింద ఉన్నది సామీ."

అయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి, ఎందుకులే అనుకున్నట్టున్నాడు. మంత్రాలు చదివి, నూనెలో కలిపిన సిందూరం రెండు చేతులతో బారంతా పూశాడట. నిమ్మకాయ కట్టాడు, మిరపకాయలు కట్టాడు. చక్రాలుంటే నిమ్మకాయలు తొక్కించేవాడు, లేవు కాబట్టి బావను తొక్కమన్నాడట. బావ తొక్కాడు.

నేను బడి నుంచి వచ్చేసరికి నా కార్బన్ బారు టేబుల్ మీద నారింజ రంగులో మెరుస్తూ, నిమ్మకాయ దండతో పెళ్లికొడుకులా పడుకుంది. "గీతలు, పగుళ్లు చూడాలె అని నేను నెల సంది మొత్తుకుంటుంటే, మీరు పోయి దానికి రంగేసుకొస్తరా? ఏం కనబడుతది ఇప్పుడు? ఏం జూడాలె?" అని ఇల్లు ఎగిరిపోయేట్టు లొల్లి పెట్టాను. బావ మిషను పెట్టుకుని లేడు కాబట్టి హాయిగా నవ్వాడు. మా ఆయన, "దేవుని సిందూరాన్ని పట్టుకొని రంగంటవేందే" అని నొచ్చుకున్నాడు.

దండం పెట్టుకుని, నిమ్మకాయ విప్పి, పాత గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. చాలా వరకు పోయింది. తాళ్ల చారల దగ్గర కూడా పోయింది, అవి పైపై గీతలే. నడుమ, సైకిలు మెడకు బిగించే చోట మాత్రం వెంట్రుకంత సన్నటి నారింజ గీత ఒకటి మిగిలింది. మళ్లీ తుడిచాను. కిరోసిన్ వేసి తుడిచాను. పోలేదు. నూనెతో పాటు సిందూరం లోపలికి దిగి కూర్చుంది. గోరు పెట్టి లాగితే ఆ గీతలో చిటుక్కున చిక్కుకుంది. ఎన్ని సార్లు చూసినా, ఎంత వెలుతురులో చూసినా నల్లటి దాని మీద నలుపు పగులు నా కంటికి ఆనలేదు. అంజన్న రంగులో ఇప్పుడు గదిలో అందరికీ కనబడుతోంది.

బావ జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ బిగించినప్పుడు పడిందా, కార్టన్ మోసినప్పుడా, బావ స్కేలుకా, మా ఆయన ఎగిరినప్పుడా? తెలుసుకునే దారి లేదు. ఎవరికి వాళ్లు తమది కాదని ప్రమాణం చేశారు. తమ్ముడికి ఫోటో పంపితే వెళ్లి దుకాణదారును అడిగొచ్చాడు. "గది డిజైనట అక్కా" అన్నాడు. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. కట్ట దిగేటప్పుడు చేతిలో బారు రెండు ముక్కలై, పళ్ల డాక్టరు ముందు నా పళ్లు రాలడం కనబడింది. దాన్ని నేను బిగించనన్నాను. "నేను ముందుగాలనే చెప్పిన" అని మా ఆయన అనలేదు. కానీ ఆ రాత్రి రొట్టె ఒకటి ఎక్కువ తిన్నాడు.

నెల దాటింది. మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాం. సైకిలు ఇంక లేదన్నట్టే నేను కుర్చీలో కూలబడ్డాను.

"సైకిల్ మానేసినరా మేడం?"

"ముట్టుకోలేదు సార్. ఒక్కరోజు కూడ."

"మరి నొప్పి తగ్గిందా?"

"ఎక్కువైంది సార్."

నిజమే, ఎక్కువైంది. బోర్డు మీద సుద్దముక్క పట్టుకుంటే మెరుపు కొట్టినట్టుండేది. డాక్టరు నొసలు ముడిచి నా చెయ్యి మళ్లీ వంచి చూశాడు. "ఇంట్ల ఈ చేతితోని ఏం పని ఎక్కువ చేస్తరు?" అని అడిగాడు. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి అతనే. కానీ జవాబు మా ఆయన చెప్పాడు, ఎప్పటిలాగే.

"ఇంట్ల ఏం పనుంటది సార్, ఇద్దరమే గద. బడికి పోతది, వస్తది. ఏం జెయ్యది."

ఏం జెయ్యది. ఆ మాట నా చెవిన పడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయనది ఆదిలాబాద్ వైపు, జొన్న రొట్టె లేకపోతే వాళ్లకు పొద్దు గడవదు. నేను అన్నం తినే ఇంటి పిల్లను. పెళ్లయి వచ్చిన కొత్తలో చేతులు బొబ్బలెక్కి నేర్చుకున్నాను. పొద్దున కొడతాను, సాయంత్రం కొడతాను. ఈ నెల బావకు కొట్టాను, కార్టన్ తమ్ముడికి కొట్టాను, వాళ్లింటి వాళ్లకు కొట్టాను. నా మణికట్టును కాపాడే బారు మంచిదా చెడ్డదా అని తేల్చడానికి కూర్చున్న పెద్దమనుషులందరికీ ఆ మణికట్టుతోనే రొట్టెలు కొట్టి పెట్టాను. తరగతిలో ఏ పిల్లైనా ఇట్లాంటి లెక్క చేసి చూపిస్తే చెవి మెలిపెట్టేదాన్ని.

"సార్, గీ టేబుల్ జర ఖాళీ చేస్తరా?" అన్నాను.

డాక్టరు బిత్తరపోయి బీపీ మిషను పక్కకు జరిపాడు. నేను కుర్చీ ముందుకు లాక్కుని, లేని పిండి ముద్దను టేబుల్ మీద పెట్టి, కొట్టడం మొదలుపెట్టాను. తప తప తప తప. అరచెయ్యి తిప్పుతూ, మణికట్టు విరుస్తూ. పెన్నుల డబ్బా ఎగిరి పడింది. బయట కూర్చున్న రోగులు తలుపు సందులోంచి తొంగి చూశారు. "ఇది పొద్దుగాల సార్. ఇదే మళ్ల మాపటికి. సుట్టాలొస్తే ఇంకా. పెండ్లయిన కాడి నుంచి కొడుతున్న" అన్నాను. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా ఆపలేదు. ఆపబుద్ధి కాలేదు.

"చాలు మేడం, చాలు" అని డాక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇదే. సైకిల్ కాదు, ఇదే. ముందు ఈ పని బంద్ చెయ్యాలె."

నేను మా ఆయన వైపు చూశాను. అతను నా చెయ్యిని చూస్తున్నాడు. ఏదో అనబోయి ఆగాడు. ఒక మంచి మాట వస్తుందని నేను నిజంగానే ఎదురుచూశాను.

"మరి నేనేం తినాలె సార్?" అన్నాడు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేక టేబుల్ మీద తల పెట్టుకుని నవ్వాను. డాక్టరు కూడా నవ్వాడు. "అన్నం తినండి" అన్నాడు. "అన్నం తింటే కడుపు నిండినట్టుండది సార్" అన్నాడు మా ఆయన, నవ్వకుండా. "అయితే మీరే కొట్టుకోండి" అన్నాడు డాక్టరు, చీటీ మీద ఏదో రాస్తూ.

"మరి సైకిల్ సార్? దాని బారు మార్చాల్నా?" అని అడిగాను.

"పట్టీ కట్టుకొని మెల్లగ తొక్కండి మేడం. ఉన్న బారు చాలు."

మరుసటి పొద్దున దుప్పటి లాగేసి, టైర్లలో గాలి కొట్టి, హెల్మెట్ పెట్టుకున్నాను. వంటింట్లో దీపం వెలుగుతోంది. మా ఆయన పిండిలో వేణ్నీళ్లు ఎక్కువ పోసినట్టున్నాడు, చప్పుడు తపతప అని కాకుండా పచపచ అని వస్తోంది. గేటు తీసి ఒక కాలు పెడల్ మీద పెట్టాను.

"ఏమే! గిది చేతికి అంటుకుంటుంది! ఇడుస్తలేదు! ఎట్ల జెయ్యాలె?"

పోయి ఒక్కసారి చూపిద్దామా అని నా చేతులు లాగాయి. చూపిస్తే ఆ ఒక్కటే కాదు, ఆ పూట రొట్టెలన్నీ నేనే కొడతానని నాకు తెలుసు.

"పొడి పిండి సల్లుకో!" అని అరిచి, డ్యాం వైపు తొక్కుకుంటూ పోయాను.